జెన్నీ లీ ప్రసంగానికి తోడ్పడిన వారికి కృతజ్ఞతలు

గత ఆదివారం మా స్టడీ సెంటర్‌లో బ్రిటన్ రాజకీయ నాయకురాలు జెన్నీ లీ జీవితం గురించి మాట్లాడాను. ఇరవై నిమిషాలనుకున్న ప్రసంగం గంట సాగింది. ఆ గంట వెనక ముగ్గురి శ్రమ ఉంది.

మొదటి నమస్కారం మా రాజనీతిశాస్త్రం మాస్టారికి. 1929 మార్చి ఉప ఎన్నికలో జెన్నీ తన ఓటు తనకే వేసుకుందని ఉత్సాహం కొద్దీ రాసేశాను. మాస్టారు ఆ వాక్యం కింద గీత గీసి, "అమ్మా, ఆవిడకు అసలు ఓటే లేదు" అని రాశారు. అప్పటికి బ్రిటన్‌లో ముప్పై నిండని స్త్రీలు ఓటు వేయలేరు. పోటీ చేయడానికి మాత్రం 21 ఏళ్లు చాలు. ఓటు వయసు తగ్గించే చట్టం 1928లోనే వచ్చినా, స్త్రీలు ఆ ఓటు వేసింది 1929 మే నాటి సాధారణ ఎన్నికల్లో. అంటే 24 ఏళ్ల ఆ పంతులమ్మ తనకు ఓటు లేకుండానే నార్త్ లానార్క్ నుంచి పార్లమెంటుకు ఎన్నికైంది! ఆ మాట చెప్పగానే హాలంతా నిశ్శబ్దమైపోయింది. మాస్టారూ, ఆ నిశ్శబ్దం మీదే.

సింగరేణిలో రిటైరైన మా పెదనాన్నకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. జెన్నీ తండ్రి స్కాట్లాండులో బొగ్గుగని కార్మికుడు. 1926లో గనులు మూసి కార్మికులను నెలల తరబడి బయట నిలబెట్టినప్పుడు ఆమె ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చదువుతోంది. నాకది ఒక తేదీ మాత్రమే. "మస్టరు (పని హాజరు) పడని నెలలో ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు" అన్నాడు పెదనాన్న. ఆ తర్వాత ఆ పేరా మొత్తం తిరగరాశాను.

ఎడిన్‌బరోలో చదువుతున్న నా పూర్వ విద్యార్థిని ఒక సెలవు రోజంతా వెచ్చించి, జెన్నీ పాఠాలు చెప్పిన కౌడెన్‌బీత్‌కు రైల్లో వెళ్లి ఫొటోలు తీసి పంపింది. చల్లగా ఉండు తల్లీ.

ఈ ప్రసంగం కోసం నేనింత ఎందుకు తపించానో కూడా చెప్పాలి. 1964లో మంత్రి అయ్యాక జెన్నీ ఓపెన్ యూనివర్సిటీ బాధ్యత భుజాన వేసుకుంది. చేరడానికి పాత సర్టిఫికెట్లు అడగకూడదు, డిగ్రీ మాత్రం ఏ విశ్వవిద్యాలయానికీ తీసిపోకూడదు అని పట్టుబట్టింది. రెండో రకం చదువు ఇస్తే పేదలను అవమానించినట్లేనని ఆమె పట్టుదలలో నాకు కనిపిస్తుంది. 1969లో ఆ విశ్వవిద్యాలయానికి రాజశాసనం వచ్చింది, 1971లో తొలి విద్యార్థులు చేరారు. 1982లో హైదరాబాదులో మన సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది, దేశంలో అదే మొదటిది. పెళ్లితో చదువు ఆగిపోయిన నేను అక్కడే బీఏ పూర్తి చేసి, తర్వాత బడిలో ఉద్యోగం సంపాదించాను. అంబేడ్కర్ పేరున్న ఆ పట్టా మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే ఉంటుంది.

ఆదివారం తరగతికి చంటిబిడ్డతో వచ్చిన ఒక చెల్లెలు చివర్లో నా దగ్గరికి వచ్చి కౌడెన్‌బీత్ ఫొటో ఒకటి అడిగింది. ఇచ్చేశాను. నా విద్యార్థిని ఏమీ అనుకోదని నా నమ్మకం.