కాల్గరీనా, టొరంటోనా? ఇదిగో టాక్సు లెక్క

మిస్సిసాగా

ఏరా బావా,

నీ మెసేజ్ చూశాను. కెనడాలో రెండు ఉద్యోగాల ఆఫర్లు చేతిలో పెట్టుకుని "కాల్గరీలో టాక్సే లేదటగా, అటే పోతే పోలా?" అంటున్నావు. నీకు ఎవరు చెప్పారో గానీ సగమే చెప్పారు. వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలే వ్యవహారం కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకో.

కాల్గరీ ఉన్న అల్బెర్టాలో లేనిది ప్రొవిన్స్, అంటే మన రాష్ట్రం లాంటిది, వేసే సేల్స్ టాక్స్. ఇన్‌కమ్ టాక్స్ అక్కడా ఉంది. మనకి ఇన్‌కమ్ టాక్స్ అంటే పూర్తిగా ఢిల్లీ వ్యవహారం, రాష్ట్రం పేరు చెప్పి హైదరాబాద్‌లో నీ జీతంలోంచి పోయేది నెలకు ఆ 200 ప్రొఫెషనల్ టాక్సే. ఇక్కడ ఒకే జీతం మీద ఫెడరల్, అంటే కేంద్రం వాళ్లొకసారి, నువ్వుండే ప్రొవిన్స్ ఇంకోసారి వేస్తారు. ఎవరి శ్లాబులు వాళ్లవే. రిటర్ను మాత్రం సీఆర్ఏకి, అంటే ఇక్కడి కేంద్ర టాక్స్ శాఖకి, ఒకటి వేస్తే చాలు, వాళ్లే పంచుకుంటారు. క్యూబెక్‌లో అయితే రెండు రిటర్నులు వేయాలి. అక్కడి మాంట్రియల్ నుంచి ఆఫర్ రాలేదని సంతోషించు.

ముందు సేల్స్ టాక్స్ సంగతి. మన ఎంఆర్‌పీ అలవాటు ఇక్కడికి వచ్చేముందే వదిలేసుకో. ర్యాక్ మీద రాసిన ధర వేరు, కౌంటర్ దగ్గర కట్టేది వేరు. ఫెడరల్ జీఎస్టీ దేశమంతా 5 శాతం. అల్బెర్టాలో దాంతో సరి. టొరంటో ఉన్న మా ఒంటారియోలో ప్రొవిన్స్ వాటా 8 కూడా కలిపి హెచ్ఎస్టీ అని 13 శాతం గుంజుతారు. 100 డాలర్ల చెప్పులు ఇక్కడ 113, అక్కడ 105. బ్రిటిష్ కొలంబియా వాళ్లు కూడా 2010లో మాలాగే రెండూ కలిపేశారు. జనానికి ఒళ్లు మండి 2011లో రెఫరెండంలో ఓడగొట్టారు. 2013 ఏప్రిల్ నుంచి మళ్లీ జీఎస్టీ 5, ప్రొవిన్స్ వాటా పీఎస్టీ 7 అని విడివిడిగా కడుతున్నారు. ఇంత గొడవ చేసి 12 శాతం అలాగే ఉంచుకోవడం ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు. అల్బెర్టాలో అయితే సేల్స్ టాక్స్ తేవాలంటే ముందు రెఫరెండం పెట్టి తీరాలని చట్టమే ఉంది. కాబట్టి రేపో మాపో వేసేస్తారేమో అన్న టెన్షన్ వద్దు.

చెల్లెమ్మకి ఒక మాట చెప్పు. వంట సరుకుల మీద ఎక్కడా టాక్స్ లేదు. బియ్యం, కందిపప్పు, పాలు, కూరగాయలు, నూనె, చికెన్ అన్నీ సున్నా. అదే ట్రాలీలో చిప్స్, మిక్చర్ ప్యాకెట్, కూల్ డ్రింకు పడితే వాటికి పడుతుంది. ఇక్కడి చాలా దుకాణాల బిల్లుల్లో టాక్స్ పడ్డ వస్తువు పక్కన హెచ్ అక్షరం ఉంటుంది, మా ఇంట్లో ఆ హెచ్‌లన్నీ నా ఖాతాలోవే అని మీ చెల్లెలు దెప్పుతుంది. వేడి సమోసాకీ పడుతుంది. అసలు తమాషా డోనట్లది. ఆరుకు తక్కువ కొంటే అక్కడే తినే చిరుతిండి కింద జమకట్టి టాక్స్ వేస్తారు, ఆరు కొంటే కిరాణా సరుకు, టాక్స్ లేదు. మా ఒంటారియోలో ఇంకో మెలిక ఉంది. రెడీమేడ్ తిండి బిల్లు మొత్తం 4 డాలర్లు దాటకపోతే ప్రొవిన్స్ తన వాటా వదిలేస్తుంది, 5 శాతం కడితే చాలు. పిల్లల బట్టలకి, పుస్తకాలకి కూడా ఆ 5 శాతమే.

ఇంటద్దె మీద కూడా సేల్స్ టాక్స్ ఉండదు. అంటే నీ ఖర్చులో పెద్ద బరువులు రెండూ, అద్దె, కిరాణా, లెక్కలోంచి ఎగిరిపోయాయి. మిగిలిన ఫోన్ బిల్లు, పెట్రోలు, ఫర్నిచర్, బయట తిండి కలిపి ఏడాదికి 15,000 డాలర్లు అనుకుందాం. అందులో 8 శాతం అంటే 1,200. కాల్గరీ మిగిల్చేది అంతే. కారు కొన్న ఏడాది మాత్రం కథ వేరు. 30,000 డాలర్ల కొత్త కారుకి ఇక్కడ టాక్స్ 3,900, అక్కడ 1,500. సెకండ్ హ్యాండ్ కారు ఎవరి దగ్గరైనా నేరుగా కొంటే అక్కడ అసలు టాక్సే లేదు, ఇక్కడ నంబర్ ప్లేట్ దగ్గర 13 శాతం పట్టుకుంటారు.

ఇక జీతం. నీ రెండు ఆఫర్లూ 80,000 కాబట్టి పోల్చడం తేలిక. ఫెడరల్ టాక్స్ రెండు చోట్లా ఒకటే, దాన్ని పక్కన పెట్టు. 2025 రేట్ల ప్రకారం ఒంటారియోలో మొదటి 52,886 మీద 5.05 శాతం, అంటే 2,671. మిగతా 27,114 మీద 9.15 శాతం, అంటే 2,481. మొత్తం 5,152. ఇందులోంచి బేసిక్ పర్సనల్ అమౌంట్, అంటే అందరికీ టాక్స్ మినహాయించే మొత్తం, 12,747కి 5.05 శాతం చొప్పున 644 తీసేస్తే 4,508. హమ్మయ్య అనుకునేలోపు హెల్త్ ప్రీమియం అని ఇంకో 750 తగిలిస్తారు. అంతా కలిపి 5,258.

అల్బెర్టాలో మొదటి 60,000 మీద 8 శాతం, 4,800. తర్వాతి 20,000 మీద 10 శాతం, 2,000. మొత్తం 6,800. కానీ అక్కడ బేసిక్ అమౌంట్ 22,323, దాని మీద 8 శాతం అంటే 1,786 తగ్గుతుంది. మిగిలేది 5,014. చూశావా? మొదటి శ్లాబు రేటు మాకంటే ఎక్కువ, చివర్లో తేడా 244 డాలర్లు. సీపీపీ (పెన్షన్), ఈఐ (నిరుద్యోగ బీమా) కటింగులకు వచ్చే క్రెడిట్లు, అంటే టాక్స్ తగ్గింపులు, కూడా కలిపితే అల్బెర్టా వైపు ఇంకాస్త మొగ్గుతుంది గానీ నాలుగు వందలు దాటదు. జీతం బాగా పెరిగాక మాత్రం ఒంటారియో సర్‌టాక్స్ అని టాక్స్ మీద టాక్స్ వేస్తుంది. జీతం 1,50,000 అయితే తేడా మూడు వేలు దాటుతుంది.

ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. ఇక్కడ ఏడాదంటే జనవరి నుంచి డిసెంబర్. డిసెంబర్ 31న నువ్వు ఏ ప్రొవిన్స్‌లో ఉంటే ఆ ఏడాది ఆదాయం మొత్తం మీద ఆ ప్రొవిన్స్ రేటే. పదకొండు నెలలు టొరంటోలో పనిచేసి డిసెంబర్‌లో కాల్గరీకి మకాం మార్చినా నువ్వు అల్బెర్టా లెక్కలోకే వస్తావు. రిటర్ను గడువు ఏప్రిల్ 30.

ఇంతకీ చెల్లెమ్మ వచ్చీ రాగానే ఉద్యోగం చేస్తుందా? అది రాయలేదు నువ్వు. ఆవిడకి ఆదాయం లేకపోతే భార్య పేరు మీద ఇంకో క్రెడిట్ వస్తుంది. ఒంటారియోలో దానివల్ల దాదాపు 550 డాలర్లు తగ్గితే, అల్బెర్టాలో మళ్లీ ఆ 1,786 తగ్గుతుంది. వచ్చిన ఏడాది మాత్రం దిగిన తేదీ నుంచి రోజుల లెక్కన ఇస్తారు. నువ్వు మా వీధిలోనే ఉండాలని నాకున్నా ఈ అంకె దాచలేను. అద్దెలు కూడా అక్కడే తక్కువ. ఆవిడ సంగతి, కారు కొంటావో లేదో, రెండూ రాయి. మొత్తం లెక్క వేసి పంపుతా.

ఉంటా మరి,
నీ బావ