మట్టికోట పక్కన పని ఆగింది, చెయ్యి వేసిన అందరికీ థాంక్స్

వరంగల్ కోట బయటి మట్టిగోడ పక్కన ఫంక్షన్ హాల్ కోసం గుంత తవ్వుతున్న జేసీబీ మొన్న సాయంత్రం వెళ్లిపోయింది. మా పడమరకోట పిల్లలు ఈలలు వేసుకుంటూ దాని వెనకాల మెయిన్ రోడ్డు దాకా పరుగెత్తారు, పెద్దవాళ్లం మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడిపోయాం, ఎందుకంటే ఇది ఆగుతుందని మాలో సగం మందికి నమ్మకం లేదు, నాకైతే అసలే లేదు. ఎవరెవరు ఎంత చేశారో మర్చిపోకముందే రాసి పెడుతున్నా.

ఖిలా వరంగల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఫోటోలు దిగే నాలుగు తోరణాలు, ఖుష్ మహల్, చుట్టూ ఉన్న రాతికోట. దానికి బయట ఇంకో గోడ ఉంది, మట్టికోట. రాతికోట ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 1.2 కిలోమీటర్లు ఉంటే మట్టికోట దాదాపు 2.4 కిలోమీటర్లు, రెండిటి మధ్యలోనే మా ఇళ్లూ పొలాలూ. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ సైన్యం లోపలికి రావాలంటే ముందు దాటాల్సి వచ్చింది ఈ మట్టిగోడనే. ఇప్పుడు చూస్తే తుమ్మలు మొలిచిన గుట్టలా ఉంటుంది, మేకలు మేస్తుంటాయి, కొత్తవాళ్లు దాన్ని గోడ అని కూడా అనుకోరు. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

ఆ గోడ మొదట్లో సెల్లార్‌తో సహా ఫంక్షన్ హాల్ కడతామని ఒకాయన దిగాడు (పేరు రాయను, అనవసరం). అడిగితే, రాతికోట ఇక్కణ్నుంచి అర కిలోమీటరు ఉంది కదా, మాకు ఏ రూలూ వర్తించదు అన్నాడు. మేం నిజమే కాబోలు అనుకున్నాం. రిటైర్డ్ సర్వేయర్ సార్ రాకపోతే అలాగే అనుకుంటూ ఉండేవాళ్లం. ఆయన టేపు పట్టుకుని వచ్చి, మట్టికోట కూడా రక్షిత కట్టడమేనయ్యా, కొలత మొదలుపెట్టాల్సింది రాతిగోడ నుంచి కాదు, ఇక్కణ్నుంచి అని కాలితో నేల మీద గీత గీసి చూపించారు. 2010లో పురాతన కట్టడాల చట్టం మార్చినప్పటి నుంచి రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లలో కట్టాలంటే అనుమతి కావాలి. సార్ కొలిస్తే ఆ గుంత 100 మీటర్ల లోపలే ఉంది, అదీ బాగా లోపల. మండుటెండలో మూడు సార్లు కొలిచారు సార్, మజ్జిగ తప్ప ఏమీ తీసుకోలేదు.

హనుమకొండ వకీలు అక్క ఫీజు మాట ఎత్తితే కోప్పడింది. సమాచార హక్కు కింద ఏమడగాలో, ఎలా అడగాలో ఆమే రాసిచ్చింది, అనుమతికి దరఖాస్తే రాలేదని జవాబు చేతికొచ్చాక గానీ మాకు ధైర్యం రాలేదు.

ఒక మాట మాత్రం బాగా గుచ్చుకుంది. మరి మీ ఇళ్లు కూడా కోటలోనే ఉన్నాయిగా, వాటినీ కూలగొట్టమంటారా అని కొందరు అడిగారు. నిజమే, ఈ రూలుతో మేమూ పడుతున్నాం. మా ఇంటి వెనక గోడ కూలితే తిరిగి కట్టుకోవడానికి, ఆ ఇల్లు 1992 జూన్ 16కి ముందు నుంచే ఉందని చూపించాల్సి వచ్చింది, నాన్న దాచిన ఇంటిపన్ను రసీదులు ట్రంకు పెట్టెలో దొరికాయి కాబట్టి బతికిపోయాం. ఆ రూల్ మార్చాలంటే మార్చమనండి, నేనూ వచ్చి సంతకం పెడతా. కానీ ఒక్క గోడ కోసం నేను ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు సెల్లార్ తవ్వేవాడు ఒక్క కాగితం కూడా పెట్టకపోతే ఎట్లా?

ఇక పక్క పొలం పెద్దమ్మ. లారీలకు దారి ఇస్తే డబ్బులిస్తామని రెండు సార్లు ఇంటికొచ్చారట. "లారీలొస్తే నా బర్లు బెదురుతయ్, పాలియ్యవు, పోండ్రి" అని తలుపేసిందట. కాకతీయులు, చరిత్ర, వారసత్వం అని మేం మీటింగుల్లో గొంతు చించుకున్నాం గానీ నెల రోజులు లారీలను ఆపింది మాత్రం ఆ బర్లే. పెద్దమ్మా, నీకు దండం.

ఫోటోలు తీసిన కాలేజీ పిల్లలకు, సంతకాల కోసం తూర్పుకోట, మధ్యకోట ఇల్లిల్లూ తిరిగిన అక్కచెల్లెళ్లకు, మా కాగితం పక్కన పెట్టెయ్యకుండా స్వయంగా వచ్చి చూసిన ఆ ఆఫీసర్‌కు కూడా థాంక్స్. ఇప్పటికైతే వచ్చింది పని ఆపమని నోటీసు మాత్రమే, ఫైలు ఇంకా నడుస్తోంది, కాబట్టి జిరాక్సులు ఎవరూ పారెయ్యకండి.

గోడ మొదట్లో ఒక ట్రాక్టర్ లోడు మట్టి అప్పటికే పోయింది. వానకు ఇంకా జారకుండా పైన టార్పాలిన్ కప్పాం. అది ఇచ్చిన టెంట్ హౌస్ అన్నకు మరీ మరీ థాంక్స్, వానాకాలం అయ్యేదాకా తిరిగి ఇవ్వలేం, ఏమనుకోకు అన్నా.