అలారం మళ్లీ బిగించావా?

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం కులాసా. బామ్మ మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి. పెరట్లో మామిడి పూత ఈసారి బాగా నిలిచింది. నీ దగ్గర్నుంచి ఫోను లేదు, పని ఎక్కువనుకున్నాం. మొన్న తమ్ముడు మాటల్లో అన్నాడు, పోపు పెట్టినప్పుడల్లా కూస్తోందని పొగ అలారం ఊడదీసి సొరుగులో పడేశావట. నిజమేనా?

కోప్పడ్డానికి రాయడం లేదు. ఎండుమిరపకాయల ఘాటుకి అది కూస్తోందంటే పొయ్యికి మరీ దగ్గరగా ఉందన్నమాట. కనీసం 10 అడుగుల దూరం ఉండాలి. అపార్ట్‌మెంట్లలో పొయ్యి మీదుండే మైక్రోవేవ్ ఫ్యాను చాలాచోట్ల పొగని బయటికి పంపదు, వడకట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. కిటికీ తీసి పోపు పెట్టు. అయినా కూస్తే హష్ బటన్ నొక్కు; కొద్ది నిమిషాలు ఊరుకుని తనంతట తనే మళ్లీ పనిలో పడుతుంది. కొత్తది కొంటే ఫోటోఎలక్ట్రిక్ రకం చూసి తీసుకో. అయొనైజేషన్ రకం వంట పొగకి ఊరికే మోగుతుంది.

పెద్దత్త షికాగో వెళ్లినప్పటి సంగతి నీకు సగమే తెలుసు. జనవరి చలి. అత్త అల్లుడు కారు వేడెక్కాలని గరాజ్‌లోనే స్టార్ట్ చేసి, తలుపు పైకెత్తే ఉంది కదా అని లోపలికొచ్చాడు. అంతలో ఆఫీసు ఫోను, మాటల్లో పడ్డాడు. గరాజ్ మీదే అత్త పడుకునే గది. ఆవిడకి తలనొప్పి, వికారం, జ్వరం మాత్రం లేదు. ప్రయాణ బడలికేమోనని రగ్గు కప్పుకుని పడుకుంది. వరండాలో అలారం నాలుగుసార్లు కూసి ఆగుతోంది, మళ్లీ నాలుగు. బ్యాటరీ అయిపోయిందని మీ వదిన స్టూలెక్కి ఊడదీయబోతుంటే, బళ్లో నేర్చుకున్న పిల్లాడు ‘నాలుగంటే గ్యాసు, బయటికి’ అని అందర్నీ కోట్లయినా లేకుండా లాక్కుపోయాడు. అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి చేస్తే ఫైర్ వాళ్లొచ్చి మీటరుతో చూసి, కారు పొగలోంచి ఇంట్లోకి చేరిన విషవాయువు, కార్బన్ మోనాక్సైడే అని తేల్చారు.

దానికి రంగూ వాసనా ఉండవమ్మా. 70 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 70 వంతులు) దగ్గర అలారం మోగడానికి ఒకటి నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాలు. అంటే మోగేసరికే కాసేపట్నుంచి పీలుస్తున్నట్టు. మూడు కూతలు, విరామం అయితే పొగ. నాలుగు అయితే ఈ గ్యాసు. అర నిమిషానికో నిమిషానికో ఒక్క ‘చిప్’ వస్తే బ్యాటరీ, లేదా దాని కాలం తీరినట్టు. తెల్లవారుజామున ఎక్కువగా వినిపిస్తుంది, చలికి బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది కాబట్టి.

నెలకోసారి టెస్ట్ బటన్ గట్టిగా మోగేదాకా నొక్కిపట్టు. పడగ్గది తలుపేసుకుని కూడా వినబడుతుందో లేదో చూసుకో, నీ నిద్ర సంగతి మాకు తెలుసు. బటన్ వల్ల హారనూ సర్క్యూటూ తెలుస్తాయి గానీ, దుమ్ము పట్టిన రంధ్రాల సంగతి తెలియదు. వాక్యూమ్ బ్రష్‌తో పైపైన తుడువు. పెయింటు మాత్రం తగలనివ్వకు.

వెనక తయారీ తేదీ ఉంటుంది. పొగ అలారం పదేళ్లు దాటితే బ్యాటరీ మార్చినా లాభం లేదు, కొత్తదే పెట్టాలి. గ్యాసుది అంతకన్నా ముందే అయిపోవచ్చు, దాని మీదే రాసి ఉంటుంది. ఇంటి ఓనరుని అడుగు, మొహమాటపడకు.

సొరుగులోంచి తీసి, వెనక్కి తిప్పి ఆ తేదీ ఫొటో పంపు. బిగించాక ఇంకోటి పంపు. కందిపొడి అయిపోతే చెప్పు, పార్సిల్ చేయిస్తాను.

మీ నాన్న