బోరు పాయింట్‌కు కొబ్బరికాయ కాదు, జియాలజీ కావాలి

సంపాదకుడి గారికి,

ఇంటర్ ఫలితాలు రాగానే మన ఇళ్లలో ఈఏపీసెట్ ర్యాంకు, కంప్యూటర్ సైన్స్ సీటు తప్ప వేరే మాట వినిపించదు. జియాలజీ (భూగర్భ శాస్త్రం) చదువుతానని పిల్లలు అంటే, రాళ్లు చదివితే ఏం ఉద్యోగమొస్తుందని పెద్దలు కొట్టిపారేస్తారు. అనంతపురం జిల్లాలోనూ ఇదే మాట వినాల్సి రావడం బాధగా ఉంది.

మా వైపు చాలామంది రైతులు బోరు వేసే ముందు పాయింట్ పెట్టేవాళ్లను పిలుస్తారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, కాయ నిటారుగా లేచిన చోట గుర్తు పెడతారు. రిగ్గు వస్తుంది. అడుగుకింత చొప్పున బిల్లు పెరుగుతుంది. పైకి మాత్రం రాతిపొడే వస్తుంది. చివరికి రైతుకు మిగిలేది అప్పు.

మా నేల కింద చాలాచోట్ల గ్రానైట్, నైస్ (gneiss) అనే గట్టి రాళ్లే. నీరుండేది పైన రాయి చివికి ఏర్పడిన శిథిల పొరలో, దాని కింద రాతి పగుళ్లలో. జియాలజీ చదివినవాళ్లు నాలుగు ఇనుప కడ్డీలు వరుసగా దిగ్గొట్టి, నేలలోకి కరెంటు పంపి, దానికి నేల ఎంత అడ్డుపడుతుందో, అంటే నిరోధం కొలుస్తారు. కడ్డీలను దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. నీరున్నచోట నిరోధం తగ్గుతుంది. బంకమట్టి ఉన్నా తగ్గుతుంది. ఆ తేడా పట్టాలంటే చదువుండాలి. ఇదీ ప్రతిసారీ తప్పకుండా ఫలిస్తుందని చెప్పలేం, కానీ ఆధారమున్న అంచనా.

ఇక ఉద్యోగాలు. ఎమ్మెస్సీ చేసినవాళ్లు యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి ఎంపికైతే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ)లో జియాలజిస్టుగా, కేంద్ర భూగర్భజల మండలిలో సైంటిస్టుగా చేరొచ్చు. గ్రూప్-ఎ పోస్టులు, మూల వేతనమే రూ.56,100. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), అణు ఖనిజాల సంస్థ, ఇనుప ఖనిజం తవ్వే ఎన్ఎండీసీల ప్రధాన కార్యాలయాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. సింగరేణి, గోదావరి జిల్లాల్లో ఓఎన్జీసీ, మంగంపేట ముగ్గురాయి గనులు, తుమ్మలపల్లె యురేనియం అన్నీ మన దగ్గరివే. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పుడు, ముందున్న రాయి ఎలాంటిదో చెప్పగలిగేవాళ్ల అవసరం ఎంతుందో అందరికీ తెలిసొచ్చింది.

అయినా నేను చదివిన డిగ్రీ కాలేజీలో చేరేవాళ్లు లేరని జియాలజీ గ్రూపు ఎత్తేశారు. పిల్లలకు చెప్పకుండా చేరలేదంటే ఎలా? కరవు జిల్లాల్లో కనీసం ఒక్కో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోనైనా ఈ గ్రూపును మళ్లీ తెరవాలి. ఇంటర్ రెండో ఏడాదిలోనే విద్యార్థులకు ఈ దారి గురించి చెప్పాలి. మండలానికొక జియాలజిస్టును పెట్టి, సన్నకారు రైతులకు బోరు పాయింట్ ఉచితంగా చూపించాలి.

– ఒక జియాలజీ పట్టభద్రుడు, అనంతపురం