ఇసుక బండికి ఇసుకలో చెల్లని వారంటీ

సంపాదకుల వారికి,

మా అన్నయ్య కొడుకు కళింగపట్నం తీరంలో పర్యాటకులను తిప్పి నాలుగు రాళ్లు సంపాదించుకుందామని అప్పు చేసి ఏటీవీ బండి (ఇసుకలో, గతుకుల్లో తిరిగే లావు టైర్ల నాలుగు చక్రాల బండి) కొన్నాడు. బండి దేనికో షోరూము వారికి ముందే చెప్పాడు. వారే పట్టుబట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే కంపెనీ వారంటీ ముగిశాక పనికొచ్చేలా అదనపు సొమ్ముతో కొనే వారంటీ, అంటగట్టారు. కంపెనీ ఇచ్చిన వారంటీ ముగిశాక బండి నడుస్తుండగా ఇంజిన్ శక్తిని చక్రాలకు అందించే బెల్టు తెగింది. ఆ ముక్కలు క్లచ్‌లో చుట్టుకుని అదీ పాడైంది. బెల్టు అరిగిపోయే వస్తువు కాబట్టి వర్తించదన్నారు, సరే. దానివల్ల పాడైన క్లచ్‌కూ వర్తించదన్నారు. చివరికి, అద్దెకు తిప్పే బండికి అసలు ఈ వారంటీయే లేదని పదో పేజీలో వేలు పెట్టి చూపించారు. ఆ పేజీలన్నీ చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. సంతకం మాత్రం మొదటి పేజీలోనే చేయించుకున్నారు.

ఇలాంటి వారంటీలు సాధారణంగా ఇంజిన్ లోపలి భాగాలు, గేరుబాక్సు, యాక్సిల్, కొన్ని విద్యుత్ పరికరాలు వాటంతట అవి చెడిపోతే బాగుచేసి ఇస్తాయి. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, బ్యాటరీ, ఫిల్టర్ల వంటివి మన ఖర్చే. నీళ్లు చొరబడినా, తుప్పు పట్టినా, పందేల్లో నడిపినా, బండికి మార్పులు చేయించినా చాలా వారంటీలు చేతులెత్తేస్తాయి. ఉప్పు గాలిలో, అలల అంచున తిరిగే బండికి ఇక మిగిలేదేమిటి? పైగా గడువు తప్పకుండా సర్వీసింగ్ చేయించినట్లు రసీదులు చూపించాలి. అధీకృత సర్వీసు కేంద్రం విశాఖలో ఉంటే, రోడ్డు మీద నడపడానికి వీల్లేని ఈ బండిని వంద కిలోమీటర్లకు పైగా వ్యానులో ఎక్కించి తీసుకెళ్లాలి. ఆ కిరాయితోనే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ప్రమాదాలు, దొంగతనాలు వారంటీ పరిధిలోకి రావు, వాటికి బీమా వేరే చేయించుకోవాలి.

చదువుకోకుండా సంతకం పెట్టడం ఎందుకని కొందరు అడగవచ్చు. చదవడానికి కాగితం డబ్బు కట్టాక చేతికొస్తే ఎవరైనా ఏం చదువుతారు?

వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారని కూడా షోరూము వారు బెదిరిస్తున్నారు. ఇది సగం నిజం. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొని, తానే వాడుకునే వ్యక్తిని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారుడిగానే గుర్తిస్తుంది. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపయితే రుసుము కూడా లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు.

అధికారులను కోరేది ఇదే. వర్తించని వాటి జాబితాను తెలుగులో, పెద్ద అక్షరాల్లో, డబ్బు తీసుకోక ముందే కొనేవారి చేతికి ఇచ్చేలా షోరూములను కట్టడి చేయాలి. బండిని అద్దెకు తిప్పుతారా అని అడిగి, జవాబును బిల్లు మీద రాయించాలి. అద్దెకని తెలిసి కూడా ఆ వారంటీ అమ్మినవారు కనీసం దాని సొమ్మయినా వాపసు ఇవ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గార మండలం, శ్రీకాకుళం జిల్లా