మధ్యలో వెళ్లిపోయిన మనిషి

నాన్నగారికి నమస్కారాలు.

మొన్న ఫోనులో నా గొంతు వినగానే "ఓడిపోయావా?" అని అడిగారు. ఓడిపోయాను. కానీ నా బాధ వేరే. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ అమెరికాలో నేను ఆడే డిస్క్ గోల్ఫ్ గురించి మీకు కొంత తెలుసు. బంతి బదులు డిస్కు, గుంత బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. ఒక్కో బుట్టదాకా ఆడేది ఒక హోల్, అన్ని హోల్స్ కలిపి ఒక రౌండు. తక్కువ విసుర్లతో ముగించినవాడే గెలుస్తాడు. అంపైరు ఉండడు. కలిసి ఆడేవాళ్లే ఒకరికొకరు సాక్షులు, స్కోరు రాసేదీ వాళ్లే. అందుకే గుంపులో కనీసం ముగ్గురు ఉండాలన్నది నియమం.

ఆదివారం మేం ముగ్గురమే. అందరిలో బాగా ఆడే ఆయన పదకొండో హోల్‌లో డిస్కును వరుసగా రెండుసార్లు చెరువులో పడేశాడు. మూడోది విసరలేదు. ఫోను తీసి ఏదో చూసుకున్నాడు, సంచీ జిప్పు లాగి, "నాకు ఇవాళ్టికి చాలు" అంటూ కార్ల వైపు నడిచాడు. కాలు నొప్పి లేదు, ఇంటి నుంచి కబురేమీ రాలేదు. స్కోరు కార్డు ఆయన దగ్గరే ఉండిపోతే, నేను పరుగెత్తి వెళ్లి తెచ్చుకున్నాను.

ఎందుకు వెళ్లాడో మా ఇద్దరికీ తెలుసు. ప్రతి రౌండుకూ రేటింగ్ అని, ఎంత బాగా ఆడామో చెప్పే ఒక అంకె వస్తుంది. వెయ్యి దగ్గర ఉన్నవాడు ఆరితేరినవాడని లెక్క. పూర్తి చేయని రౌండుకు రేటింగ్ ఉండదు. చెడిపోతున్న రౌండును వదిలేస్తే అంకె పదిలంగా ఉంటుంది. నాకు ఎక్కువ కష్టం కలిగించింది ఇదే: తన సగటు కన్నా వంద పాయింట్లకు మించి పడిపోయిన రౌండును రేటింగ్ లెక్కలోకి తీసుకోరు. నిజంగా ఘోరమైన రోజును మన్నించే ఏర్పాటు ముందే ఉంది. ఆయన తప్పించుకున్నది మామూలు చెడ్డ రోజును మాత్రమే.

ఈ ఆటను నడిపే సంఘం పీడీజీఏ 1976లో మొదలైంది. కావాలని చెడుగా ఆడి గానీ, రౌండు మధ్యలో తప్పుకుని గానీ రేటింగును మార్చుకోవాలని చూడటం తప్పని దాని ప్రవర్తనా నియమాల్లోనే ఉంది. నియమం మంచిదే. దాన్ని వాడేవాళ్లే తక్కువ. మనసులో ఏముందో ఎలా రుజువు చేస్తారని టోర్నమెంట్ డైరెక్టర్లు వెనకాడతారు. మొదటిసారి అనుమానం వస్తే వదిలేయవచ్చు, నాన్నగారూ. దెబ్బ తగిలినవాడిని నిలదీయడం నాకూ ఇష్టం లేదు. కానీ ఫలితాల పట్టికలో పూర్తి చేయని పోటీలు కనిపిస్తూనే ఉంటాయి. స్కోరు పాడైన ప్రతిసారీ ఒకే మనిషి మాయమైతే ఇంకేం రుజువు కావాలి?

ఆయన వెళ్లాక మేం ఇద్దరమే మిగిలాం. విసిరేటప్పుడు పాదం తప్పుచోట పడితే ఒకరు చెప్పాలి, ఇంకొకరు సమర్థించాలి. ఇద్దరిలో సమర్థించేది ఎవరు? తప్పు చేసినవాడేనా? మిగతా ఏడు హోల్స్‌లోనూ ఒకరి పాదాలు ఒకరం చూసుకోవడానికే ఇబ్బంది పడ్డాం.

2021 ప్రపంచ పోటీలో, యూటాలోని ఆగ్డెన్‌లో, జేమ్స్ కాన్రాడ్ అనే ఆటగాడు చివరి హోల్‌కు ఒక విసురు వెనకబడి ఉన్నాడు. 247 అడుగుల దూరం నుంచి విసిరిన డిస్కు నేరుగా బుట్టలో పడింది. స్కోర్లు సమమయ్యాయి. ఆపై విజేతను తేల్చే ప్లేఆఫ్‌లో, అప్పటిదాకా ముందున్న పాల్ మెక్‌బెత్‌ను ఓడించి గెలిచాడు. చివరిదాకా ఆడాలని చెప్పడానికి ఇక్కడ అందరూ ఆయన పేరే చెబుతారు. కానీ ఆయనకు గెలిచే ఆశ ఉంది. నాకు గుర్తుండేది నాతో మిగిలిన పెద్దమనిషి. అందరికన్నా చివర ఉన్నాడు, గెలుపు ఊసే లేదు. పదిహేనో హోల్‌లో నా డిస్కు పొదల్లో పడితే మోకాళ్ల మీద కూర్చుని వెతికిపెట్టాడు. తన ఎనిమిది విసుర్లనూ వేళ్ల మీద లెక్కపెట్టి, "ఏడు కాదు, ఎనిమిదే రాయి" అన్నాడు.

ఈ ఉత్తరం ముగించి డైరెక్టరుకు జరిగింది జరిగినట్టు రాయబోతున్నాను. వెళ్లిపోయిన ఆయన పేరుతో సహా. చాడీ చెప్పినట్టవుతుందేమోనని రెండు రోజులు ఆలోచించాను. సాక్షిగా నిలబడతానని ఒప్పుకునే కదా ఆ గుంపులో ఆడాను. అమ్మకు నా నమస్కారాలు చెప్పండి.

మీ అబ్బాయి