కలివి కోడి కూసే వేళకి సర్వే జీపు వెళ్ళిపోతోంది

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను వన్యప్రాణుల మీద పనిచేసే జీవశాస్త్రవేత్తని. రోడ్లు, కాలువలు, గనులు, కరెంటు లైన్ల అనుమతుల కోసం వచ్చే పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు చదివి, ఆ నేల మీద బతికే జీవాలకి ఏమవుతుందో రాసిస్తుంటాను. మిమ్మల్ని ఒక్కటే అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏ నేలనైనా తవ్వే ముందు దాన్ని ఏడాది పొడుగునా, రాత్రిళ్ళు కూడా చూడనివ్వండి.

కలివి కోడి కథ మీరు వినే ఉంటారు. కడప జిల్లా లంకమల అడవి అంచున, ముళ్ళపొదల మధ్య ఉండే చిన్న పక్షి అది. 1848లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు. 1900 తర్వాత వాళ్ళకి మళ్ళీ కనపడకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ రెడ్డిపల్లి దగ్గర దాన్ని తిరిగి గుర్తించారు. పట్టి తెచ్చింది మాత్రం పిట్టలు పట్టడం తెలిసిన అక్కడి మనిషి ఒకాయన, అదీ రాత్రిపూట, టార్చి వెలుతురులో. ఊరివాళ్ళకి ఆ పిట్ట ఎప్పట్నించో తెలుసు. పగలంతా పొద నీడలో కదలకుండా ఉండి చీకటి పడ్డాక తిరిగే జీవం పగలు వెతికేవాళ్ళకి ఎలా దొరుకుతుంది?

ఆ తర్వాత దాని జాడ తీసిన పద్ధతి చూస్తే ఈ పనికి ఎంత ఓపిక కావాలో తెలుస్తుంది. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీల్లాగా పరుస్తారు. తెల్లారి వెళ్ళి, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడే వంగి, ఆ మట్టిలో మూడు వేళ్ళ అడుగుల కోసం వెతుకుతారు. చూసింది రాసుకుని, మట్టి మళ్ళీ చదును చేసి, మర్నాడు మళ్ళీ వస్తారు. కూత వినాలంటే పొద్దుగూకాక కాసేపే అవకాశం. ఆ కాసేపట్లో మనం అక్కడ లేకపోతే, మన లెక్కలో ఆ పిట్ట లేనట్టే.

2005లో అదే ప్రాంతంలో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పక్షి ఉండే పొదల్లోకి వచ్చింది. రాయలసీమ రైతుకి నీళ్ళు అక్కర్లేదని ఎవరంటారు? నేనైతే అనలేను. అభ్యంతరాలొచ్చాక కాలువ దారి మార్చారు. పిట్ట ఎక్కడుంటుందో అప్పటికే ఏళ్ళ తరబడి అక్కడ తిరిగి తెలుసుకున్నవాళ్ళు ఉండబట్టే, దారి ఎటు మార్చాలో చెప్పగలిగారు. ఆ పని జరగని చోట మేం ఏ ఆధారంతో చెప్పాలి?

ఇప్పుడు నా బల్ల మీదికి వచ్చేవాటి సంగతి చెబుతాను. పర్యావరణ అనుమతుల 2006 నోటిఫికేషన్ కింద చాలా రకాల ప్రాజెక్టులకి వానాకాలం వదిలేసి ఒక సీజన్ సమాచారం ఇస్తే సరిపోతోంది. గాలి, దుమ్ము కొలవడానికి అది చాలుతుందేమో. కప్పలు కూసేదీ, గుడ్లు పెట్టేదీ వానల్లోనే. నేల నెమలి మగపక్షి గడ్డి మీదికి ఎగిరెగిరి దూకుతూ జోడీని పిలిచేదీ వానాకాలంలోనే. మిగతా రోజుల్లో అది ఆ గడ్డిలో ఉన్నా కనిపెట్టడం గగనం. వాటిని చూడగలిగే కాలాన్నే మనం వదిలేస్తున్నాం.

ఒక రోడ్డు ప్రాజెక్టు నివేదిక నాకింకా గుర్తుంది. పేరు వద్దు. వన్యప్రాణుల పట్టికలో గోరింక ఒక వరుసలో, మైనా ఇంకో వరుసలో ఉన్నాయి. ఒకే పిట్టని రెండుగా లెక్కేశారు. సర్వే ఫిబ్రవరిలో మూడు రోజులు, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా. 'షెడ్యూల్ 1 జీవులు: లేవు' అని, అంటే వన్యప్రాణి చట్టం అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇచ్చే జీవాలేవీ లేవని, చివరి గడిలో ఉంది. నాకు మనసు ఒప్పక టార్చికి ఎర్ర కాగితం కట్టుకుని రెండు రాత్రులు ఆ దారెంట నడిచాను. రెండో రాత్రి ఒక పాత చింతచెట్టు కొమ్మ మీద రెండు ఎర్రటి చుక్కలు వెలిగాయి. దేవాంగ పిల్లి, షెడ్యూల్ 1లో ఉన్న జీవమే. అరచేతిలో పట్టేంత ఒళ్ళు, మొహమంతా కళ్ళు. కాసేపు నన్నే చూసి, ఒక్కో చెయ్యీ నెమ్మదిగా మారుస్తూ పక్క కొమ్మ మీదికి పాకింది. అది చెట్టు నుంచి చెట్టుకి కొమ్మల మీదే వెళ్ళే జీవం. రెండు వైపుల కొమ్మలూ కలిసే చోట చెట్లు కొట్టేస్తే ఆ రోడ్డు దానికి గోడే.

కొన్ని చోట్ల ఆ చెట్లు ఉంచి రోడ్డు కొద్దిగా జరపమని రాశాను. నా నోటు ఏమైందో నాకు తెలీదు. అనుమతి మాత్రం వచ్చింది, చెట్లు పోయాయి. ఆ చింతచెట్టు కూడా.

మమ్మల్ని అభివృద్ధికి అడ్డుపుల్లలంటారు. ఆ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. నేను చదివిన వాటిలో ఎక్కువ భాగం మార్పులతో కట్టుకోవచ్చనే రాశాను. పెంచ్ పులుల అడవి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి చూడండి. జంతువులు దాటడానికి తొమ్మిది చోట్ల కింద నుంచి దారి వదిలారు. పైన లారీలు పోతుంటే కింద పులులు నడిచి వెళ్ళడం కెమెరాల్లో పడింది. ముందుగా చూస్తే ఇలా కుదురుతుంది. ఆలస్యమైతే ఏమవుతుందో బట్టమేక పిట్ట చెబుతుంది. దానికోసమే 1988లో రోళ్ళపాడును అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడు దేశం మొత్తం మీద బయట స్వేచ్ఛగా తిరిగేవి 150 లోపే మిగిలాయి. ఎదురుగా ఉన్నది సరిగా కనపడని ఆ బరువైన పక్షి రాజస్థాన్‌లో కరెంటు తీగలకి తగిలి చనిపోతోంది. తీగలు వేసేశాక భూమిలోకి దించాలా వద్దా అని 2019 నుంచి సుప్రీంకోర్టులో వాదించుకోవాల్సి వచ్చింది.

జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘానికి మీరే అధ్యక్షులు. వన్యప్రాణుల సర్వేకి వానాకాలంతో సహా పూర్తి ఏడాది తప్పనిసరి చేయండి. సర్వే చేసే కన్సల్టెంటుకి ప్రాజెక్టు యజమాని నేరుగా డబ్బు ఇచ్చే పద్ధతి మార్చండి. తన జీతం ఎవరిస్తున్నారో తెలిసిన కుర్రాడు 'ఉంది' అని రాయడానికి ఎంత టెన్షన్ పడతాడో నేను దగ్గర నుంచి చూశాను. మేం రాసిచ్చే నోట్లు, వాటికిచ్చిన జవాబు, రెండూ అనుమతుల ఫైళ్ళు నడిచే పరివేష్ పోర్టల్లో అందరికీ కనపడేలా పెట్టించండి.

ఇవన్నీ జరగడానికి టైమ్ పడుతుందని తెలుసు. ఈలోగా వచ్చే సమావేశంలో ఏ ఫైలు మీ ముందుకొచ్చినా, సర్వే చేసిన తేదీలు, గంటలు ఉన్న పేజీ ముందు చూపించమనండి. అందులో ఒక్క రాత్రి కూడా లేకపోతే, ఆ ఫైలు వెనక్కి పంపండి.

ఇట్లు,
ఒక వన్యప్రాణి జీవశాస్త్రవేత్త